పోలింగ్ రోజు స్టేషన్లో కూర్చునే మనిషి

పోయిన వారం ఒక ఫోన్ వచ్చింది. గురజాల దారిలో ఉన్న ఒక మండల కేంద్రంలో, పోలీస్ స్టేషన్ ఎదురుగా టీకొట్టు నడిపే ఆమె చేసింది. "సార్, మన స్టేషన్ పెద్దాయన పోయాడు. నాలుగు రోజులైంది. మీకు చెప్పమని ఎవురూ అన్లేదు, నేనే చెప్తన్నా," అంది. ఎలా పోయాడని అడిగాను. నిద్రలో పోయాడంది. ఎవరికీ పని పెట్టలేదని కూడా చెప్పింది.

ఆ పెద్దాయన పోలీసు కాదు. హోంగార్డూ కాదు. ఆ స్టేషన్లో ఆయనకు ఏ ఉద్యోగమూ లేదు. అక్కడికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లెలో రెండెకరాల మిరపచేను సాగు చేసుకునే రైతు. అయినా ఆ బజారులో అందరూ ఆయన్ని స్టేషన్ పెద్దాయన అనే పిలిచేవారు. కొత్తగా వచ్చిన కానిస్టేబుళ్లకు ఏ బీరువాలో ఏ రిజిస్టరు ఉందో చూపించేది ఆయనే అని ఒక మాట ఉండేది. అది అబద్ధం కాదు. నేను చూశాను.

నేను ఆ స్టేషన్‌కు మైకు పర్మిషన్ కోసం వెళ్లేవాణ్ణి. ఎంత పెద్దవాడు చెప్పిన మాటైనా ప్రశ్నించకుండా నమ్మవద్దని చుట్టుపక్కల పల్లెల్లో సభలు పెట్టి చెప్పడం నా పని. ఆ మాట మైకులో చెప్పాలంటే పోలీసుల అనుమతి కావాలి. అర్జీ పట్టుకుని వరండాలో గంటలకొద్దీ నిలబడేవాణ్ణి. ఇందులో వింతేమైనా ఉందని నాకప్పట్లో తోచలేదు.

మొదటిసారి వెళ్లిన రోజు పరపతి సంఘం ఎన్నికలు. వరండా ఎడమ పక్క గోడకు ఆనుకుని ఒకాయన కూర్చుని ఉన్నాడు. పొడుగాటి మనిషి. తెల్ల చొక్కా, మెడ దగ్గర గుండీ కూడా పెట్టుకుని ఉన్నాడు. పక్కన స్టీలు క్యారేజీ. నన్ను చూసి మెల్లగా అన్నాడు:

"చెప్పులు బయట వదలండి సార్. రూలు లేదు గానీ మంచిది."

వదిలాను.

ఆయన అక్కడికి ఎందుకు చేరాడో టీకొట్టామె చెప్పింది. ముప్పై ఏళ్ల కిందట వాళ్ల ఊళ్లో ఎన్నికల రోజు రాళ్లు పడ్డాయి. ఆయన తప్పిపోయిన గేదెను వెతుక్కుంటూ అటుగా వెళ్లాడు. సాయంత్రానికి రెండు వర్గాలూ పోలీసులకు చెరొక జాబితా ఇచ్చాయి, అవతలివాళ్లలో ఎవరెవరు రాళ్లేశారో రాసి. రెండు జాబితాల్లోనూ ఉన్న పేరు ఒక్క ఆయనదే. ఏ వర్గానికీ చెందని మనిషిని రెండు వర్గాలూ అవతలివాడే అనుకున్నాయి. తర్వాత వర్గాలు రాజీ పడ్డాయి, కేసు పోయింది. ఆయన పేరు మాత్రం స్టేషన్ పుస్తకంలో ఉండిపోయింది.

మా పల్నాడులో ఎన్నికలు వస్తే ముందు పేర్లున్నవాళ్లను పిలిచి ఎమ్మార్వో ఎదుట బైండోవర్ చేస్తారు. గొడవలు చెయ్యబోమని రాయించుకుంటారు. పోలింగ్ రోజు కొందరిని తెచ్చి స్టేషన్లో కూర్చోబెడతారు. అప్పటి ఎస్సై ఈయన్ని కూడా కూర్చోబెట్టాడు. తర్వాతి ఎన్నికలకూ కబురొచ్చింది. ఆ తర్వాత ఎస్సై మారాడు, కబురు రాలేదు. ఈయన వచ్చాడు. అసెంబ్లీ అయినా, పంచాయతీ అయినా, పరపతి సంఘం అయినా, ఎన్నికలంటే ఆ పొద్దున్నే మజ్జిగన్నం క్యారేజీతో దిగి, ఎడమ పక్క గోడకు కూర్చునేవాడు. పోలింగ్ అయ్యాక లేచి, లోపలికి తొంగిచూసి, "ఇంక పోయి రానా అయ్యా," అని అడిగి వెళ్లేవాడు. లోపల ఉన్నది ఎవరైనా సరే, ఊఁ అనేవాడు. ఇలా ముప్పై ఏళ్లుగా ఆ మనిషి ఓటు వెయ్యలేదు.

ఖాకీ అంటే ఆయనకు మనిషి కాదు, బట్ట. ఆర్టీసీ డ్రైవర్ ఎక్కి సీట్లో కూర్చునేదాకా ఆయన బస్సులో కూర్చునేవాడు కాదు. ఒకసారి బ్యాంకులో గార్డు "ఇక్కడ నిలబడు పెద్దాయనా, పిలుస్తా," అని డ్యూటీ దిగి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం ఇంకో గార్డు వచ్చి, ఇక్కడ ఎందుకు నిలబడ్డావని అడిగాడు.

"నిలబడమన్నారండి."

"ఎవురన్నారు?"

"మీరే. ఇందాకటి మీరు."

ఇది ఆయనే నాకు చెప్పాడు, నవ్వకుండా. ఆయన దృష్టిలో అందులో నవ్వడానికి ఏమీ లేదు. టీకొట్టు దగ్గర ఎప్పుడు కూర్చున్నా ఏమీ తాగేవాడు కాదు. కారణం అడిగితే పదకొండేళ్ల కిందట కడుపులో మంట వస్తే డాక్టరు వారం రోజులు టీ, కాఫీ మానెయ్యమన్నాడట. వారం అయిపోయింది గదా అన్నాను. "మళ్లీ తాగమని ఆయన చెప్పలేదు సార్," అన్నాడు. వెళ్లి అడగవచ్చు గదా అంటే, ఆయన ఎప్పుడూ అనే మాటే అన్నాడు: "అడిగితే పని పెరుగుద్ది."

మనుషులు పెద్దల మాటకు భయంతో లొంగుతారని చెప్పి చేతులు దులుపుకోవడం సులువు. ఆయన మీద ఆ స్టేషన్లో ఎవరూ ఎప్పుడూ చెయ్యెత్తలేదు, గొంతు కూడా ఎత్తలేదు. నాకు అర్థమైనంతలో సంగతి వేరు. ఆజ్ఞకు మొదలుంటుంది, చివర ఉండదు. కూర్చో అన్నవాడు బదిలీ మీద వెళ్లిపోతాడు, కూర్చున్నవాడు కూర్చునే ఉంటాడు. మన ఆచారాల్లో సగం ఇలా పుట్టినవే. ఎవడో ఎప్పుడో ఏదో కారణానికి ఒకటి చెప్పాడు. చెప్పినవాడు చచ్చాడు, కారణమూ చచ్చింది, పాటించేవాడు మాత్రం ఈ శనివారం కూడా ఉపవాసం ఉన్నాడు. పైగా లొంగడంలో ఒక సుఖం ఉంది. తప్పు జరిగితే అది మనది కాదు. స్వామి చూపించిన చోట బోరు వేసి నీళ్లు పడని రైతు తన జాతకాన్ని తిట్టుకుంటాడు, భార్య పాదాన్ని తిడతాడు, అవసరమైతే భూమిని కూడా తిడతాడు. స్వామిని తిట్టడు. స్వామిని పిలిచిన తన బుర్రను అసలే తిట్టుకోడు. చదువు వస్తే ఇది పోతుందని మా పెద్దలు నమ్మారు. చదువు వచ్చింది. ఇప్పుడు స్వామి దగ్గరికి కారులో వెళుతున్నారు.

ఇవన్నీ సభల్లో చెప్పేవాణ్ణి. చెబుతూ పెద్దాయన్ని ఉదాహరణగా వాడేవాణ్ణి. ఊరు చెప్పేవాణ్ణి కాదు, పేరు చెప్పేవాణ్ణి కాదు. "ఇందాకటి మీరు" అన్న మాట దగ్గర జనం పగలబడి నవ్వేవారు. నరసరావుపేటలో ఒక సభలో నవ్వు ఎంతకూ ఆగలేదు. ఇక చాలని చెయ్యెత్తాను. అందరూ ఒక్కసారే ఆపేశారు. ఆ క్రమశిక్షణకు నేను సంతోషించాను కూడా.

ఒక ఏడాది పంచాయతీ ఎన్నికలు మిరపకోతల్లో వచ్చాయి. ఈసారి ఆయన చేత ఓటు వేయించాలని నిశ్చయించుకున్నాను. పోలింగ్‌కు రెండు రోజుల ముందు ఆయన్ని వెంటబెట్టుకుని ఎస్సై గదిలోకి వెళ్లాను. ఎస్సై చిన్నవాడు, మర్యాదస్థుడు. పాత పుస్తకం తెప్పించి చూశాడు.

"ఈయన మీద ఏమీ లేదండీ. ఎప్పుడో క్లోజ్ చేశారు."

ఎన్నేళ్లయిందని అడిగాను. పుస్తకంలో చూసి, తాను అప్పటికి హైస్కూల్లో ఉన్నానని చెప్పాడు. మరి ఎవరూ ఈయనకు చెప్పలేదేమని హెడ్ కానిస్టేబుల్‌ను అడిగాను.

"మాకు తెలుసు సార్. పోలింగ్ రోజు అందరం బందోబస్తుకి పోతే స్టేషన్ కనిపెట్టుకుని ఉండను ఒక మనిషి కావాలి గదా," అన్నాడు హెడ్డు.

నిఘా పెట్టవలసిన మనిషిగా తెచ్చుకున్నవాణ్ణే కాపలా పెట్టుకున్నారన్న మాట. ఎస్సై నవ్వి, ఇక రావలసిన పని లేదు పెద్దాయనా, హాయిగా పోయి ఓటేసుకో అన్నాడు. పెద్దాయన మెడ దగ్గర గుండీ తడుముకున్నాడు.

"రావొద్దని కాయితం ఇస్తారా అయ్యగారూ?"

"రమ్మని కాయితం ఇచ్చామా?"

"లేదయ్యా."

"మరి రావొద్దని ఎందుకు?"

"రమ్మనేదానికి నోటిమాట చాలయ్యా. రావొద్దంటేనే కాయితం కావాలి."

ఎస్సై కాగితం ఇవ్వలేదు. అలాంటి కాగితానికి నమూనా లేదన్నాడు.

టీకొట్టు దగ్గర కూర్చున్నాక, ఇంత చిన్న విషయానికి ముప్పై ఏళ్లు పోగొట్టుకున్నారే అన్నాను. ఆయన నాకు ఆ రోజుదాకా చెప్పని మాట చెప్పాడు. ఆయన చేనుకు సొంత బోరు లేదు. నీళ్లు పక్క చేనువాళ్ల బోరువి. ఆ చేనువాళ్లు ఒక వర్గం. బండి పోవాలంటే ఇటుపక్క చేను గట్టు మీదుగా పోవాలి. ఆ చేనువాళ్లు రెండో వర్గం. నీళ్లు లేకపోతే పంట లేదు, దారి లేకపోతే పండినది ఇంటికి రాదు.

"పోలింగ్ రోజు ఇక్కడ కూర్చుంటే ఇద్దరికీ మంచోణ్ణి సార్. పాపం పోలీసోళ్లు పట్టుకపోయారు, లేపోతే మనకే ఏసేవోడు అని వాళ్లూ అనుకుంటారు, వీళ్లూ అనుకుంటారు. నన్ను ఎవురూ అడగరు. ఊళ్లో ఉంటే అడుగుతారు."

పుస్తకంలో పేరు ఉందో లేదో ఇన్నేళ్లలో ఆయన ఎందుకు విచారించలేదో నాకు అప్పుడే అర్థం కావలసింది. నా దగ్గర సిద్ధంగా ఉపన్యాసం ఉంది. ఆయన మాట కాదు, అదే విన్నాను. ఓటు రహస్యమని చెప్పాను. ఒకరి నీళ్లకూ ఇంకొకరి దారికీ తలను తాకట్టు పెట్టడం బానిసత్వమని చెప్పాను. మీలాంటివాళ్లు ఒక్కసారి నిటారుగా నిలబడితే ఈ వర్గాలు ఎన్నాళ్లు నిలబడతాయని అడిగాను. టీకొట్టామె గ్లాసులు కడగడం ఆపి వింది. గంటసేపు చెప్పి ఉంటాను.

"అట్టాగే సార్," అన్నాడు.

ఒప్పించగలిగానని అనుకున్నాను.

పోలింగ్ రోజు నేను వాళ్ల ఊరి స్కూలు బయట నిలబడ్డాను. ఆయన భార్యతో వచ్చి వరసలో నిలుచున్నాడు. రెండు వర్గాలవాళ్లూ గేటుకు చెరోపక్క కుర్చీలు వేసుకుని ఉన్నారు. ఆయన్ని చూడగానే రెండు పక్కలా మాటలు ఆగిపోయాయి. ఒకాయన, "ఏంది బాబాయ్, ఈసారి నిన్ను వొదిలేశారా?" అన్నాడు. రెండో పక్కనుంచి ఇంకొకాయన, "మనోడే గదా, అందుకే వొదిలారు," అన్నాడు. పెద్దాయన ఇద్దరికీ తల ఊపాడు. లోపలికి వెళ్లి వచ్చి, సిరా పెట్టిన వేలు నాకు చూపించాడు. నేను చప్పట్లు కొట్టబోయి మానుకున్నాను.

పంచాయతీ ఎన్నికల్లో లెక్కింపు ఆ పూటే అక్కడే అయిపోతుంది. సర్పంచి పదవికి ఇద్దరే పోటీ. రెండు ఓట్ల తేడాతో దారివాళ్ల వర్గం గెలిచింది. ఒకే ఒక్క ఓటు చెల్లకుండా పోయింది. ఏజెంట్లందరికీ ఎత్తి చూపించారట. దాని మీద రెండు గుర్తులకూ ముద్ర వేసి ఉంది, రెండూ గీత దాటకుండా, చక్కగా.

తర్వాత ఆయన్ని అడిగాను. దాచలేదు. "నీళ్లకొకటి, దారికొకటి సార్. ఎవురినీ కాదనకుండా."

ఆ ముద్ర ఎవరు వేశారన్న దాని మీద ఊళ్లో ఎవరికీ సందేహం లేదు. ముప్పై ఏళ్లుగా ఓటు వెయ్యనివాడే అలా వేస్తాడని అందరూ ఒప్పుకున్నారు. ఆ మండలంలో రెండు వర్గాలూ ఒక్క విషయం మీద ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు. ఓడినవాళ్లు మన నీళ్లు తాగి సగం ఓటు వాళ్లకేశాడన్నారు. గెలిచినవాళ్లు మన గట్టు తొక్కి సగం ఓటు వాళ్లకేశాడన్నారు. ఆ ఓటు ఎటు పడినా ఫలితం మారదు. ఆ లెక్క ఎవరికీ అక్కరలేకపోయింది.

మూడో రోజు బోరు నీళ్లు ఆగాయి. మోటారు కాలిందన్నారు. వారానికి గట్టు మీద ముళ్లకంప పడింది. పశువులు పడుతున్నాయన్నారు. చేలో ఇంకా రెండు కోతల కాయ ఉంది. ఈ సంగతి నాకు టీకొట్టామె ఫోన్లో చెప్పింది.

నాకు రక్తం ఉడికింది. ఆర్డీవోకు ఇవ్వడానికి రెండు పేజీల అర్జీ రాశాను. ప్రజాస్వామ్యం, నీటి హక్కు, దారి హక్కు, అన్నీ అందులో వచ్చాయి. దాని వల్ల ఏమైందో ముందే చెప్పేస్తాను: ఏమీ కాలేదు. విచారణకు ఒకాయన వచ్చి, కంప చూసి, మోటారు చూసి, కంప కంపే అనీ మోటారు కాలినదే అనీ రాసుకుని వెళ్లాడు. చివరి కోతలు చేలోనే ఎండి తాలుకాయ అయిపోయాయి. మరుసటి ఏడు ఆయన చేను కౌలుకిచ్చాడు. కౌలుకు తీసుకున్నాయనకు నీళ్లూ వచ్చాయి, దారీ వచ్చింది.

ఆ అర్జీ పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లిన మధ్యాహ్నమే నాకు ఇప్పుడు ఎక్కువగా గుర్తుకొస్తుంది. ఆయన భార్య వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడాలు తీస్తోంది. ఆవిడ ఎప్పుడూ నాతో రెండు మాటల కంటే ఎక్కువ మాట్లాడలేదు. ఆ రోజు తలెత్తకుండానే అంది:

"ముప్పై ఏళ్లు పోలీసోళ్లు ఆయన్ని కూర్చోబెట్టారు. చానా బాగుంది మా బతుకు. మీరు ఒక్క రోజు నిలబెట్టారు."

ఆవిడకు అన్యాయం గురించి వివరించబోయాను. "అన్యాయమని మాకు తెలవదనుకున్నారా సార్?" అని కాయలు బుట్టలోకి దులిపి లోపలికి వెళ్లింది.

పెద్దాయన మంచం వాల్చి నన్ను కూర్చోబెట్టి, తాను నిలబడే ఉన్నాడు. అర్జీ ఇచ్చి సంతకం పెట్టమన్నాను. వెంటనే పెన్ను అందుకుని ఎక్కడ పెట్టాలన్నాడు. ముందు చదవండి అన్నాను. మీరు రాశారు గదా అన్నాడు. కాదు, చదివి, ఆలోచించి, సమ్మతమైతేనే పెట్టాలన్నాను. నేను నమ్మిన సిద్ధాంతం అది.

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ రెండు పేజీలూ చదివాడు. చాలాసేపు పట్టింది. చదివాక కాగితాలు మడతపెట్టి పెన్నుతో సహా నా చేతిలో పెట్టాడు.

"వొద్దు సార్."

ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఎందుకని అడిగాను.

"నీళ్లాయన మొన్న బజార్లో కనబడి నవ్వాడు. ఇంకో పంటకారు పోతే మర్చిపోతాడు. కంప ఎండిపోద్ది, దాన్నెవరో పొయ్యిలోకి ఈడ్చుకపోతారు. ఇది పెడితే ఇంక మర్చిపోరు సార్. రాసి ఉంటది."

నిదానంగా చెప్పాడు. తన ఊరు, తన మనుషులు, తన చేను, అన్నీ లెక్కలోకి తీసుకుని చెప్పాడు. ఎదుట ఉన్నది ఎంతటివాడైనా సొంత బుర్రతో ఆలోచించి, సరికాదనిపిస్తే కాదనమని నేను మైకులో చెబుతూ వచ్చింది సరిగ్గా ఇదే. ఇన్నేళ్లలో నా కళ్లెదుట ఒక మనిషి ఆ పని చేశాడు.

నాకు కోపం వచ్చింది. మీలాంటివాళ్ల వల్లే ఈ పల్నాడు ఇలా ఉందన్నాను. మీ కోసం రెండు రోజులు కూర్చుని రాశానన్నాను. పిరికితనం అన్న మాట కూడా అన్నాను. అప్పటిదాకా నేను ఆయన్ని మీరు అనే పిలిచేవాణ్ణి. కాగితాలు మంచం మీద పరిచి, చివర ఖాళీ చోట వేలు పెట్టి, "పెట్టు. నేను చెప్తున్నా గదా," అన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. పెన్ను తీసుకుని, వంగి, నేను చూపించిన చోట గుండ్రటి అక్షరాలతో పూర్తి పేరు రాశాడు. సిరా ఆరేదాకా ఊదాడు. తర్వాత తల ఎత్తకుండా అడిగాడు:

"మొదటి కాయితం మీద కూడా పెట్టాలా సార్?"

పెట్టమన్నాను. పెట్టాడు.